ఒక్క గీత వచ్చిందని ధైర్యపడకండి

(పుణెలో జరిగిన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. వక్త ఆర్మీ మెడికల్ కోర్‌లో ల్యాబ్ విభాగంలో పనిచేసి రిటైరైన జె.సి.ఓ.)



ఏటా ఈ సభలో పెన్షన్ గురించో, ఇ.సి.హెచ్.ఎస్. గురించో ఎవరో ఒకరు మాట్లాడతారు. ఈసారి కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "సాబ్, జ్వరం వస్తే ఇంట్లోనే చూసుకునే కిట్లు అందరి ఇళ్ళలోనూ ఉన్నాయి. ఎలా వాడాలో ఎవరికీ సరిగ్గా తెలీదు. మీరు ల్యాబ్ మనిషి, ఓ అరగంట చెప్పండి" అన్నారు. సరేనన్నాను. ఒప్పుకోవడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. అది మధ్యలో చెబుతాను.

నేను ఫౌజులో చేరిన రోజుల్లో వైరస్ జబ్బు అంటే ల్యాబ్‌లో మేం చేయగలిగింది తక్కువ. మలేరియా అయితే స్లైడు మీద రక్తం చుక్క పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూసి గంటలో చెప్పేవాళ్ళం. వైరస్ మైక్రోస్కోపుకి దొరకదు. శాంపిల్ తీసి, ఐసు డబ్బాలో పెట్టి, పెద్ద ల్యాబ్‌కి పంపాలి. రిపోర్టు వచ్చేసరికి జవాను తగ్గిపోయి డ్యూటీకి వెళ్ళిపోయుండేవాడు, లేదా పక్క మంచంవాడికి అంటించేసుండేవాడు.

అంటించడం అన్నమాట మన వృత్తిలో చిన్నమాట కాదు. మనం బ్యారక్‌లో ఒకే కప్పు కింద పడుకుంటాం, ఒకే లంగరులో తింటాం, ఒకే బండిలో కూర్చుంటాం. 1918 జూన్‌లో బొంబాయిలో, రేవులో పనిచేసే ఒకరితో సహా, పోలీసు సిపాయిలు ఏడుగురు జ్వరంతో ఆసుపత్రిలో చేరారు. యుద్ధం నుంచి సైనికుల్ని తెచ్చిన ఓడలు ఆ రేవుకే వస్తున్న రోజులవి. అదే మన దేశంలో ఇన్‌ఫ్లుయెంజాకి తొలి ఆనవాలు. తర్వాత ఆ జబ్బు రైళ్ళెక్కి దేశమంతా తిరిగి కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పటికి ఆ జబ్బు వైరస్ వల్ల వస్తుందనే ఎవరికీ తెలీదు. మనిషిలో ఆ వైరస్‌ని పట్టుకున్నది 1933లో. అంటే 1918లో ఏ డాక్టరు దగ్గరా దానికి పరీక్ష అనేదే లేదు.

వందేళ్ళ తర్వాత సంగతి చూద్దాం. 2020 మార్చిలో అమెరికా నౌకాదళం వారి విమానవాహక నౌక థియోడర్ రూజ్‌వెల్ట్‌లో కోవిడ్ ప్రవేశించింది. పడవ మీద ఉన్న 4,779 మందిలో 1,271 మందికి పాజిటివ్ వచ్చింది. ఒక నావికుడు చనిపోయాడు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పాజిటివ్ అని తేలిన రోజుకి వాళ్ళలో నాలుగింట మూడు వంతుల మందికి ఏ లక్షణమూ లేదు. దగ్గు లేదు, జ్వరం లేదు, డ్యూటీ చేస్తూనే ఉన్నారు. మొహం చూసి జబ్బు కనిపెట్టే రోజులు పోయాయి. అందుకే చేతికి అందేంత దగ్గర్లో ఒక పరీక్ష కావాల్సి వచ్చింది.

ఇంటి పరీక్ష అనేది కొత్తగా పుట్టింది కాదు. ఇక్కడున్న అమ్మలకు బాగా తెలిసిన ప్రెగ్నెన్సీ పరీక్షే దీనికి పెద్దక్క. అమెరికాలో 1967లో మార్గరెట్ క్రేన్ అనే ఆవిడ అలాంటి ఇంటి కిట్‌కి నమూనా చేశారు. ఆడవాళ్ళ చేతికి పరీక్ష ఇస్తే ఎలా అని అప్పట్లో చాలామంది అభ్యంతరం పెట్టారు. ఇప్పుడు అది ప్రతి మందుల షాపులోనూ దొరుకుతుంది.

కోవిడ్ కాలంలో మన దేశంలో ముందు వచ్చినవి ల్యాబ్‌లో చేసే ఆర్‌టి-పి.సి.ఆర్. కిట్లు. మన పుణె కంపెనీ మైల్యాబ్ 2020 మార్చిలోనే ఆ కిట్ తయారుచేసింది. విశాఖలోని మెడ్‌టెక్ జోన్‌లో కూడా ఆ ఏడాది పరీక్ష కిట్లు తయారయ్యాయి. హైదరాబాద్ సి.సి.ఎం.బి. వారు స్వాబ్‌ని ద్రవంలో ముంచకుండా పొడిగానే తెచ్చి పరీక్షించే పద్ధతి చూపిస్తే, 2020 నవంబరులో ఐ.సి.ఎం.ఆర్. దానికి ఆమోదం ఇచ్చింది. ఇక పావుగంటలో ఫలితం చెప్పే యాంటిజెన్ కిట్‌ని ఐ.సి.ఎం.ఆర్. తొలిసారి 2020 జూన్‌లో ఆమోదించింది. అది తయారయ్యేది హర్యానాలోని మనేసర్‌లో. ఆ ఏడాది ఫిబ్రవరిలో వుహాన్ నుంచి తెచ్చిన మన విద్యార్థుల్ని మన ఆర్మీ క్వారంటైన్‌లో ఉంచిందీ మనేసర్‌లోనే. తర్వాత 2021 మే 19న ఇంట్లో ఎవరికి వారే చేసుకునే పరీక్షకి ఐ.సి.ఎం.ఆర్. అనుమతిచ్చింది. ఆ మొదటి కిట్ కూడా మైల్యాబ్‌దే. పేరు కోవిసెల్ఫ్, అప్పటి ధర 250 రూపాయలు.

ఇప్పుడు ఆ బిళ్ళలో ఏం జరుగుతుందో చెబుతాను. ఇది తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుతుంది.

ప్లాస్టిక్ బిళ్ళ లోపల ఒక సన్నటి కాగితపు పట్టీ ఉంటుంది. ముక్కులో తిప్పిన దూది పుల్లని గొట్టంలోని ద్రవంలో కలిపి, ఆ ద్రవం చుక్కలు బిళ్ళ గుంటలో వేస్తాం. అద్దుడు కాగితం మీద సిరా పాకినట్టు ఆ తడి పట్టీ మీద పైకి పాకుతుంది. దారిలో కంటికి కనపడనంత చిన్న బంగారు రేణువులు ఉంటాయి. అవి కొన్ని యాంటీబాడీలకి అతికించి ఉంటాయి. వైరస్ ప్రోటీన్ ఉంటే ఈ యాంటీబాడీలు దాన్ని పట్టుకుని ముందుకి సాగుతాయి. టి అనే చోట మరో వరస యాంటీబాడీలు కాపు కాసి ఉంటాయి. అవి ఆ వైరస్ ప్రోటీన్‌ని అక్కడే ఆపేస్తాయి. బంగారు రేణువులన్నీ ఒకచోట గుమిగూడి ఎర్రటి గీత పడుతుంది. వైరస్ లేకపోతే టి దగ్గర ఏమీ ఆగదు. మిగిలిన రేణువులు సి దగ్గర ఆగి అక్కడ గీత వస్తుంది.

ఇందులో రెండు విషయాలు గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఒకటి, గీత కంటికి కనపడాలంటే వైరస్ చాలా ఉండాలి. పి.సి.ఆర్. యంత్రం కొద్దిపాటి వైరస్‌ని కూడా వేలు, లక్షల రెట్లు పెంచి చూస్తుంది. ఈ బిళ్ళకి ఆ శక్తి లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టే చూపిస్తుంది. రెండోది, సి గీత వచ్చిందంటే ద్రవం సరిగ్గా పాకిందని మాత్రమే అర్థం. మీరు పుల్లని ముక్కులో సరిగ్గా తిప్పారని కాదు. అసలు ముక్కులో పెట్టకుండా పుల్లని అలాగే గొట్టంలో ముంచినా మామూలు కిట్‌లో సి గీత చక్కగా వస్తుంది. భయపడుతూ, ముక్కు అంచున అలా తాకించి తీసేసి "నాకు నెగెటివ్" అనేవాళ్ళు ఎంతమందో!

ఇక మధ్యలో చెబుతానన్న కారణం.

2022 జనవరి. ఒమిక్రాన్ వేవ్ నడుస్తోంది. భోగి పొద్దున నాకు గొంతులో కాస్త గరగర. మా ఆవిడ "ఇవాళ ఎక్కడికీ వెళ్ళకండి" అంది. నేను ల్యాబ్ మనిషిని గదా, కిట్ తీసి నేనే పరీక్ష చేసుకున్నాను. పద్ధతిగానే చేశాను, తొందరపడలేదు. ఒక్కటే గీత. ఆ బిళ్ళని మా ఆవిడకి చూపించి, "చూశావా, ఏమీ లేదు" అన్నాను. సాయంత్రం అరిసెల డబ్బా పట్టుకుని మా పాత యూనిట్ సుబేదార్‌గారి ఇంటికి వెళ్ళాను. ఆయన నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నన్ను తమ్ముడూ అనే పిలుస్తారు. షుగరు ఉంది, ఎప్పుడో టి.బి. వచ్చి తగ్గిన ఊపిరితిత్తులు. రెండు గంటలు ఒకే గదిలో, చలి అని కిటికీలు వేసుకుని, పాత పోస్టింగుల కబుర్లు చెప్పుకున్నాం. మాస్కు తీసి కాఫీ తాగాను. మళ్ళీ పెట్టుకోలేదు.

కనుమ నాడు నాకు జ్వరం వచ్చింది. రెండో కిట్ తీశాను. ఐదు నిమిషాలు కాకముందే రెండు గీతలు. వెంటనే ఆయనకి ఫోన్ చేశాను. నవ్వేసి, "మనకేం కాదులే తమ్ముడూ" అన్నారు. మరో మూడు రోజులకి ఆయనకి దగ్గు మొదలైంది. ఆక్సిజన్ 91కి దిగింది. ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నారు. దేవుడి దయవల్ల ఇంటికి వచ్చారు. కానీ రోజూ పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషి, ఆ తర్వాత గేటు దాకా నడిస్తే ఆగి ఊపిరి తీసుకునేవారు. రెండేళ్ళు అలాగే గడిపి వెళ్ళిపోయారు.

నా నుంచే ఆయనకి వచ్చిందని రుజువేమీ లేదు. ఆ వారంలో ఆ ఇంటికి పాలవాడు వచ్చాడు, మనవలు వచ్చారు. ఆయన ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. వదినగారు మాత్రం ఆసుపత్రి వరండాలో ఒకసారి అడిగారు, "నువ్వు ల్యాబ్‌లో పనిచేసినవాడివి గదయ్యా, నీకు తెలియదా?" అని. ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇవాళ మీ ముందు మాట్లాడుతున్నది ఆ జవాబే అనుకోండి.

నాకు తెలుసు. తెలిసి కూడా ఆ ఒక్క గీతని సెలవు చీటీలా వాడుకున్నాను. ఐ.సి.ఎం.ఆర్. 2021 మేలో ఇచ్చిన సూచనలో స్పష్టంగానే ఉంది. లక్షణాలున్నవాళ్ళు, పాజిటివ్ అని తేలినవాళ్ళ దగ్గర మసిలినవాళ్ళు మాత్రమే ఇంటి పరీక్ష చేసుకోవాలి. పాజిటివ్ వస్తే అది నిజమేననుకోవాలి, మళ్ళీ పరీక్ష అక్కర్లేదు. లక్షణాలుండి నెగెటివ్ వస్తే మాత్రం ఆర్‌టి-పి.సి.ఆర్. చేయించుకోవాలి, అందాకా అనుమానితుడిగానే విడిగా ఉండాలి.

ఎందుకలా అన్నారో ఒక చిన్న లెక్క చెబుతాను. 2020లో ఆమోదించిన ఆ మొదటి యాంటిజెన్ కిట్‌ని ఐ.సి.ఎం.ఆర్., ఎయిమ్స్ వారు పరీక్షించి చూశారు. వైరస్ ఉన్నవాళ్ళలో 50.6 నుంచి 84 శాతం మందిని అది పట్టుకుంది. వైరస్ లేనివాళ్ళలో 99.3 నుంచి 100 శాతం మందికి లేదనే చెప్పింది. ఇప్పుడు వెయ్యి మంది ఉన్న ఒక బెటాలియన్ అనుకోండి. అందులో పదిమందికి వైరస్ ఉంది. అందరికీ బిళ్ళ పెడితే ఆ పదిమందిలో ఐదు నుంచి ఎనిమిది మంది దొరుకుతారు. ఇద్దరు నుంచి ఐదుగురు నెగెటివ్ అనిపించుకుని బ్యారక్‌కి వెళ్ళిపోతారు. మిగతా 990 మందిలో ఏడుగురి దాకా వైరస్ లేకుండానే పాజిటివ్ రావచ్చు. అంటే ఊరికే అందరికీ పరీక్ష చేస్తే వచ్చే పాజిటివుల్లో సగం ఉత్తివే కావచ్చు. అదే దగ్గూ జ్వరమూ ఉన్నవాళ్ళకి మాత్రమే చేస్తే పాజిటివ్ మాటకి విలువ బాగా పెరుగుతుంది. నెగెటివ్ మాటకి మాత్రం అనుమానం మిగిలే ఉంటుంది.

మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఈ బిళ్ళ రాత్రి సెంట్రీ లాంటిది. వచ్చినవాడు దగ్గరికొస్తే "థమ్" అంటాడు. వాడు ఇంకా దూరంగా చెట్ల వెనక ఉంటే సెంట్రీకి కనపడడు. కనపడలేదని సెంట్రీ తుపాకీ పక్కన పెట్టి పడుకుంటాడా? మళ్ళీ మళ్ళీ చూస్తాడు. ఈ పరీక్షా అంతే. గొంతు గరగర మొదలైన తొలిరోజు వైరస్ ఇంకా తక్కువగా ఉండి నెగెటివ్ రావడం అరుదేమీ కాదు. అమెరికా ఎఫ్.డి.ఏ. 2022 ఆగస్టులో ఇదే చెప్పింది. లక్షణాలుంటే 48 గంటల తేడాతో కనీసం రెండుసార్లు, లక్షణాలు లేకపోతే మూడుసార్లు చూసుకోవాలి అని. భోగి నాడు నెగెటివ్, కనుమ నాడు పాజిటివ్. నా లెక్క సరిగ్గా ఆ 48 గంటలే.

ఇక చేసే పద్ధతి. ముందు డబ్బా మీద ఎక్స్‌పైరీ తేదీ చూడండి. కిట్‌ని మామూలుగా 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలి. జైసల్మేర్ ఎండలో జీపు డ్యాష్‌బోర్డు మీద పెట్టినా, లేహ్ చలిలో గడ్డకట్టినా అది పాడవుతుంది. చల్లగా ఉన్న కిట్‌ని గది వేడికి వచ్చాకే వాడండి. చేతులు కడుక్కోండి. ముక్కు చీదండి. పుల్లని కాగితంలో చెప్పినంత లోతుకి పెట్టి, గోడకి ఆనించి, చెప్పినన్నిసార్లు తిప్పండి. అదే పుల్లతో రెండు ముక్కులూ చూడాలి. గొట్టంలో బాగా కలిపి పిండండి. చెప్పినన్ని చుక్కలే వేయండి. గడియారం పెట్టుకోండి. పావుగంట అంటే పావుగంటే. గంట తర్వాత వెళ్ళి చూస్తే, ఎండిపోయిన పట్టీ మీద ఏదో గీతలా కనపడుతుంది, అది లెక్కలోకి రాదు. చెప్పిన సమయంలోపల పలచగా అయినా టి గీత కనపడితే అది పాజిటివే. సి గీత రాకపోతే కిట్ పనిచేయనట్టే, ఇంకోటి వాడాలి. అయిపోయాక అన్నీ సంచిలో కట్టి చెత్తలో వేయండి, పిల్లలకి అందనివ్వకండి.

మిగతా వైరస్‌ల సంగతి కూడా క్లుప్తంగా చెబుతాను. ఫ్లూ, కోవిడ్ రెండూ ఒకేసారి చూసే ఇంటి పరీక్షలకి అమెరికాలో 2023 నుంచి అనుమతులు వచ్చాయి. త్వరగా తెలియడం వల్ల లాభం ఉంది, ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. హెచ్.ఐ.వి.కి స్వీయ పరీక్షని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో, హెపటైటిస్ సి కి 2022లో సిఫారసు చేసింది. వీటిలో సూత్రం తారుమారు. కోవిడ్ బిళ్ళ పాజిటివ్ అంటే నమ్మాలి. హెచ్.ఐ.వి. స్వీయ పరీక్షలో పాజిటివ్ వస్తే మాత్రం అది నిర్ధారణ కాదు, ల్యాబ్‌లో మళ్ళీ తేల్చుకోవాలి. అనుమానం కలిగిన సంఘటన జరిగి మూడు నెలలు దాటకముందు వచ్చిన నెగెటివ్‌ని కూడా ఆఖరి మాట అనుకోకూడదు. ఆ ఫలితాన్ని ఒంటరిగా గదిలో పెట్టుకుని కుమిలిపోవద్దు. డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మందులున్నాయి, మనుషులు బతుకుతున్నారు.

డెంగ్యూకి కూడా వేలి రక్తంతో చూసే త్వరిత బిళ్ళలు ఉన్నాయి. దయచేసి డెంగ్యూని ఇంట్లో తేల్చుకోకండి. మన ప్రభుత్వ నియమం ప్రకారం ఎలైజా పరీక్షే నిర్ధారణ. జ్వరం మొదలైన తొలి ఐదు రోజుల్లో ఎన్ఎస్1, ఆ తర్వాత ఐజిఎం చూస్తారు. ఇందులో అసలు ప్రమాదం జ్వరం దిగాక వస్తుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, మత్తుగా ఉండటం, వీటిలో ఏది కనపడినా బిళ్ళ ఏం చెప్పినా సరే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటివి వేసుకోకూడదు.

చివరిగా సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి ఒక మాట. లీవు అవుతుందనో, కోర్సు పోతుందనో, రెండు గీతలొచ్చిన బిళ్ళని చెత్తబుట్టలో దాచేసేవాళ్ళు ఉంటారు. నేను చూశాను. కాలు బెణికితే దాచుకోండి, అది మీ ఒక్కరి కాలు. వైరస్ మీ ఒక్కరిది కాదు. ఎం.ఐ. రూమ్‌కి వెళ్ళి చెప్పండి. సీనియర్లకి కూడా నా మనవి, నిజం చెప్పిన జవానుని పనిదొంగలా చూడకండి. ఒకణ్ణి అలా చూస్తే తర్వాత పదిమంది దాచేస్తారు. రిటైరైన మనం కూడా నాలాగా పెద్ద తెలిసినవాళ్ళం అనుకోకుండా, ఒంట్లో బాగా లేనప్పుడు ఒక్క గీత వచ్చినా రెండు రోజులు ఇంటిపట్టున ఉందాం. పెద్దవయసువాళ్ళున్న ఇంటికి అసలు వెళ్ళొద్దు. అరిసెలు రెండు రోజుల్లో పాడైపోవు.

ఈ సభలో మా సుబేదార్‌గారు ముందు వరసలో, ఎడమవైపు కుర్చీలో కూర్చునేవారు. నేనెప్పుడు మాట్లాడినా "గట్టిగా చెప్పు తమ్ముడూ, వినపడటం లేదు" అనేవారు. ఈసారి గట్టిగానే చెప్పాననుకుంటున్నాను.

జై హింద్.